పుస్తకము మూసి చదువుట



మన చదువరులలో నొక సోదరి యీ నెల నాకు జాబు వ్రాసిరి. వారి కుమార్తె యింటర్మీడియెట్ రెండవ సంవత్సరమున బైపీసీ చదువుచు వైద్యవిద్యాప్రవేశమునకై నీట్ పరీక్షకు సిద్ధమగుచున్నదట. హాస్టలులో దినమునకు పదునాఱు గంటలు చదివించుచున్నను నమూనా పరీక్షలలో 720కి 560 దాటుట లేదట. "మొదటి ర్యాంకు రావలెనన్న నింకెన్ని గంటలు చదివింపవలెను?" అని వారి ప్రశ్న. ఇట్టి చింత పెక్కు యిండ్లలో నున్నది గావున నిచ్చటనే బదులు వ్రాయుచున్నాను.

అమ్మా, గంటలమాట తరువాత చూతము. మీ జాబు చివర "ర్యాంకు రానిచో నింటికి రాననుచున్నది" అని యొక్క పంక్తి వ్రాసి యూరకుంటిరి. నాకు మాత్ర మా పంక్తియే జాబంతయు. ఈ వారమే పోయి పిల్లను చూడుడు. మార్కుల ప్రసక్తి తేక, దగ్గఱ కూర్చుండి యన్నము తినిపించి, యామె చెప్పునది వినుడు. ర్యాంకు వచ్చినను రాకున్నను ఇల్లు తనదేయని మీ నోటితో మీరు చెప్పవలెను. మన మనసులోని ప్రేమ బిడ్డలకు తెలియకుండునా యని మన మనుకొందుము గాని, పరీక్షల కాలమున వారికి తెలియదు. బ్రతుకుమీదనే విసువు పుట్టినట్లు తోచినచో, ప్రభుత్వమువారు 2022లో నెలకొల్పిన టెలి-మానస్‌కు 14416 అను సంఖ్యపై ఫోను చేయుడు, తెలుగులోనే మాటలాడుదురు. నేను గోరంతను కొండంత చేయుట లేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణమున ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన పిమ్మట నెందఱు పసిబిడ్డలు ప్రాణములు తీసికొనిరో మనమందఱము పత్రికలలో చదివితిమి.

ఇక 560 సంగతి. అది తక్కువ మార్కని మీకెవరు చెప్పిరి? 2025లో 22 లక్షలకు పైబడి యీ పరీక్ష వ్రాయగా, 550 దాటినవారు సుమారు 12 వేలమంది మాత్రమే. ఆ యేట ప్రథముడుగా వచ్చినవానికే 686. అంతకుముందటి సంవత్సరము, అనగా 2024లో, తుది ఫలితముల ననుసరించి 17 మందికి 720కి 720 వచ్చినవి. ప్రశ్నపత్రము కఠినమైన నొక తీరు, సులభమైన నొక తీరు. గోడమీద 720 అని వ్రాసి యతికించుకొని దినమెల్ల దానిని చూచుచు కుములుట వ్యర్థము.

మార్కుల లెక్కను తల్లి తెలిసికొనుట మంచిది. 2025 పరీక్షలో 180 ప్రశ్నలు, 180 నిమిషములు. సరియైన జవాబునకు నాలుగు మార్కులు, తప్పునకు ఒకటి కోత, విడిచినదానికి సున్న. ఒక్క ప్రశ్న విడిచిన 716, ఒక్కటి తప్పిన 715. నడుమ 718, 719 అనునవి రానేరవు. 2024లో కొందఱి కట్టి మార్కులు వచ్చుటచేతనే లోకమున కనుమానము కలిగినది. కాలము నష్టపోయిరని 1563 మందికి మార్కులు కలిపిన సంగతి బయటపడి, వానిని రద్దుచేసి, జూన్ 23న వారికి మరల పరీక్ష పెట్టిరి. నెలకొకమాఱు పాలవాని లెక్క చూచుకొను నిల్లాలెవ్వతెయైన నీ దోషమును పట్టగలదు!

ఆ లెక్కనే మీ పిల్లకు వర్తింపజేయుడు. ఆమె యన్ని ప్రశ్నలకును జవాబు గుర్తించి 560 తెచ్చుకొన్నదేని, తప్పినవి 32. కావలసినది మఱి నాలుగు గంటలు కాదు. ఆ ముప్పదిరెండు తప్పులేవో తెలిసికొనుట. వానికొక చిన్న పుస్తకము పెట్టించి, ప్రతి తప్పునకును కారణము వ్రాయింపుడు. అసలు తెలియనిదా? తెలిసియు మఱచినదా? లేక ప్రశ్ననే సరిగా చదువకపోయినదా? "సరికాని వాక్య మేది?" యని యడుగగా తొందరలో సరియైనదానిని గుర్తించి వచ్చు పిల్లలు కోకొల్లలు. ముప్పదిరెండింట సగము దిద్దుకొన్నను 640 అగును. 2025లో 650 దాటినవారు నూఱుమందియు లేరు సుమండీ.

మఱచిన వానికి మందు మన యిండ్లలో పూర్వమునుండియు నున్నదే. నాకు మా తండ్రిగారు అమరకోశము చెప్పునపుడు ఉదయము పది శ్లోకములు చెప్పి, సాయంకాలము పుస్తకము మూయించి యప్పజెప్పించుకొనెడివారు. మఱునాడు క్రొత్త పాఠమునకు ముందు పాతది, వారమునకొకమాఱు మొదటినుండి. తడబడినచోటనే గుఱుతు పెట్టి, మఱునా డచ్చటనే యడిగెడివారు. నే డిదియే శాస్త్రమైనది. 2006లో అమెరికాదేశపు మనశ్శాస్త్రజ్ఞులు రోడిగర్, కార్పికీ యనువారు కొందఱు విద్యార్థులచే పాఠమును మరల చదివించిరి. కొందఱిచే చూడక జ్ఞప్తికి వచ్చినంత వ్రాయించిరి. అయిదు నిమిషములకే పరీక్షింపగా మరల చదివినవారిదే పైచేయి. వారము దినముల పిమ్మట పరీక్షింపగా చూడక వ్రాసినవారికే యెక్కువ జ్ఞాపకమున్నది. కన్నులకు పరిచితమైన పంక్తి మనకు వచ్చినట్లే తోచును. ఆ భ్రమయే పదునాఱు గంటలను మ్రింగుచున్నది.

నీట్‌లో సగము, 90 ప్రశ్నలు, జీవశాస్త్రమే. అది యప్పజెప్పుట కెంతయు ననువైన శాస్త్రము. మీ కింగ్లీషు రాకున్నను బాధ లేదు. ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకములోని బొమ్మను మీ చేతనుంచుకొని, పిల్లను తెల్లకాగితముపై చూడక గీచి పేళ్లు వ్రాయుమనుడు. పేళ్లు పోల్చిచూచుటకు పాండిత్య మక్కఱలేదు. గృహకృత్యముల నడుమ పావుగంట చాలును. దూరముననున్న పిల్లయైన స్నేహితురాలితో నిట్లే చేయవచ్చును. భౌతికశాస్త్రమున కీ పద్ధతి యొక్కటే చాలదు. లెక్కలు చేతితో చేయవలసినదే, దానికి దగ్గఱి దారి లేదు.

నిద్రమాట. హాస్టలులో పదునొకండు గంటలకు పండుకొనబెట్టి నాలుగింటికి లేపుచున్నారని వ్రాసితిరి. పదునెనిమిదేండ్ల లోపు పిల్లలకు ఎనిమిది మొదలు పది గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుచున్నారు. చదివినది మనసులో కుదురుకొనుట నిద్రలోనే. అధికారులతో గట్టిగా మాటలాడుడు. వినకున్న, పిల్లకును ఇష్టమైనచో, ఇంటికి తీసికొని రండు. కట్టిన ఫీజు పోవునని వెనుదీయకుడు.

ఇంటనున్నచో ఆదివారము నాడు మధ్యాహ్నము రెండింటినుండి అయిదింటివఱకు నమూనాపత్రము వ్రాయింపుడు. 2025లో మే 4వ తేదీని పరీక్ష జరిగిన వేళ యదియే. వేసవి యెండలో భోజనానంతరము కునుకు వచ్చు సమయమది. ఉదయము చురుకుగా వ్రాయు పిల్ల యా వేళ మందగించును. అలవాటు చేసినగాని తీఱదు. పరీక్షనాడు పిల్ల కలవాటైన పప్పన్నము, మజ్జిగయన్నము పెందలకడనే పెట్టుడు. క్రొత్త పిండివంటలు వలదు. ఒంటిగంటన్నరకే ద్వారము మూయుదురు. పొడుగుచేతుల దుస్తులును నగలును లోనికి రానీయరు గావున, చెవికమ్మలు ముందురాత్రియే తీసి దాచుడు.