పర్మాంగనేట్: చిటికెడైతే మందు, చెంచాడైతే చేటు



మన ఇళ్లలో మందుల పెట్టె తెరిస్తే దూది, టింక్చరు పక్కన ఒక్కోసారి చిన్న సీసాలో నల్లగా మెరిసే పలుకులు కనిపిస్తాయి. నీళ్లలో వేస్తే గులాబి రంగు వస్తుంది. ఎక్కువ వేస్తే ముదురు ఊదా రంగు వస్తుంది. అదే పొటాషియం పర్మాంగనేట్. చర్మవ్యాధికి, కోళ్ల షెడ్డుకు, చేపల చెరువుకు, చివరకు పాము కాటుకు కూడా ఇదే మందని నమ్మేవాళ్లున్నారు. తాతల నాటి నుండి వాడుకలో ఉన్నది గనుక హాని చేయదనుకుంటాం. ఈ నెల దాని మంచిచెడ్డలు రెండూ చెప్పదలచుకున్నాము.

ఎలా పనిచేస్తుంది?

ఇది పొటాషియం, మాంగనీసు, ఆక్సిజన్ కలిసిన లవణం. తనలోని ఆక్సిజన్‌ను ఎదుటి వస్తువుకు తేలికగా ఇచ్చేస్తుంది. ఆ గుణం వలననే క్రిములు చస్తాయి, దుర్వాసన పోతుంది. ఆ గుణం వలననే చర్మం కాలుతుంది, నిప్పు కూడా పుడుతుంది. గులాబి రంగు నీళ్లు కొంతసేపటికి గోధుమ రంగుకు తిరగడం మీరు చూసే ఉంటారు. అంటే దాని శక్తి అయిపోయిందన్నమాట. ఆ నీళ్లు ఇక పనికిరావు. ఎప్పటికప్పుడు తాజాగా కలుపుకోవాలి.

చర్మానికి వాడేటప్పుడు

నీరు కారే గజ్జి, తామర వంటి పుండ్లకు డాక్టర్లు దీనిని వ్రాస్తారు. 10,000 పాళ్ల నీటికి ఒక పాలు మందు ఉండాలి. 400 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి 4 లీటర్ల నీటిలో కరిగిస్తే సరిగ్గా ఆ పాళ్లకు వస్తుంది. పలుకులైతే కొలత కుదరదు గనుక బిళ్లలే మేలు. అడుగున ఒక్క పలుకు కూడా మిగలకుండా పూర్తిగా కరగాలి. కరగని పలుకు చర్మానికి తగిలితే అక్కడ కాలుతుంది. నీళ్ల రంగు లేత గులాబిగా ఉండాలి. ముదురుగా ఉంటే తొందరగా తగ్గుతుందని అనుకోవద్దు. 10, 15 నిమిషాలు తడిపితే చాలు. పుండు ఆరిపోగానే మానెయ్యాలి. గోళ్లకు, బట్టలకు, ప్లాస్టిక్ బకెట్‌కు గోధుమ రంగు మరక పడుతుంది. చర్మం మీది మరక కొద్ది రోజులకు దానంతటదే పోతుంది.

బావిలో వేయవచ్చునా?

1890లలో ఆగ్రాలో పనిచేసిన ఎర్నెస్ట్ హాంకిన్ అనే శాస్త్రవేత్త కలరా తగిలిన ఊళ్లలో బావులకు పర్మాంగనేట్ కలిపించారు. మన పెద్దలు బావిలో ఇది వేయడం అప్పటినుండి వచ్చిన అలవాటే. కలరా క్రిమి మీద ఇది పనిచేస్తుంది గాని, మిగతా రోగక్రిముల విషయంలో దీనిని నమ్మడానికి లేదు. నీటి రంగు, రుచి కూడా మారతాయి. త్రాగునీటి బావికి బ్లీచింగ్ పౌడరే సరైనది. 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి పౌడరు కలిపి, కనీసం ఒక గంట ఆగిన తరువాతనే నీళ్లు తోడుకోవాలి.

పాము కాటుకు వద్దే వద్దు

ఇరవయ్యవ శతాబ్దపు తొలి యేళ్లలో లాడర్ బ్రంటన్, లెనార్డ్ రోజర్స్ అనే పేరుపొందిన వైద్యులు, పాము కాటు వేసినచోట కోసి పర్మాంగనేట్ పలుకులు రుద్దమని చెప్పారు. ఒక కొసన చిన్న కత్తి, మరో కొసన పలుకులు ఉండే పరికరం కూడా అప్పట్లో తయారైంది. పరీక్షా నాళికలో విషం మీద పర్మాంగనేట్ పనిచేసిన మాట నిజమే. కాని కాటు పడిన మనిషి ఒంట్లో విషం అప్పటికే లోపలికి పోతుంది. పలుకులు దానిని అందుకోలేవు. కోత వలన రక్తం పోతుంది, కండ కాలిపోతుంది, పుండు చీము పడుతుంది. అన్నిటికంటె ముఖ్యంగా విలువైన కాలం పోతుంది. ఈ పద్ధతిని వైద్యులు ఏనాడో వదిలేశారు. మనమే ఇంకా వదలకపోతే ఎలా?

కరిచిన చేయి లేక కాలు కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, వెంటనే ఆసుపత్రికి చేర్చండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే సూదిమందు ఉన్నది.

పిల్లలున్న ఇంట్లో

చలికాలంలో పెదవులకు రాసుకునే గ్లిజరిన్ సీసాను, పర్మాంగనేట్‌ను ఒకే పెట్టెలో ఉంచకండి. పలుకుల మీద గ్లిజరిన్ ఒలికితే కొద్ది క్షణాల్లో దానంతటదే భగ్గున మండుతుంది. అగ్గిపుల్ల లేకుండా మంత్రంతో నిప్పు పుట్టిస్తామని డబ్బు గుంజేవారి గారడీ ఇదే. హేతువాది బి. ప్రేమానంద్ ఈ గుట్టును ఎన్నో సభల్లో బయటపెట్టారు. పిల్లలు దీనిని ఇంట్లో చేసి చూడకుండా కాయండి. పంచదార, రంపపు పొట్టు, గంధకం, కిరోసిన్, స్పిరిట్, యాసిడ్‌లు కూడా దీని దరికి రాకూడదు. ఒకవేళ అంటుకుంటే నీళ్లు బాగా గుమ్మరించండి. ఆక్సిజన్ దానిలోనే ఉన్నది గనుక గోనెసంచి కప్పినంత మాత్రాన ఆరదు.

బిళ్ల చూడడానికి మాత్రలాగే ఉంటుంది. ఇంగ్లండులో రోగులు పొరపాటున దీనిని మింగిన సంఘటనలు జరిగి, అక్కడి ప్రభుత్వ ఆరోగ్యసేవ 2014లోను, మరల 2022లోను హెచ్చరికలు జారీ చేసింది. నర్సులున్న ఆసుపత్రుల్లోనే అలా జరిగితే, చదువురాని అవ్వ, ఆడుకునే పసివాడు ఉన్న మన ఇళ్ల సంగతి చెప్పాలా? కాగితం పొట్లంలో ఉంచవద్దు. మూత బిగుతుగా ఉండే సీసాలో పోసి, “మింగరాదు” అని తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాసి అతికించి, పిల్లలకు అందని ఎత్తున పెట్టండి. చదువు రానివారికి నోటితో చెప్పండి.

ఎవరైనా మింగితే నోరు నీళ్లతో పుక్కిలింపజేయండి. వాంతి చేయించవద్దు. కాల్చిన మందు తిరిగి పైకి వస్తూ గొంతును మరోసారి కాలుస్తుంది. పైకి బాగానే ఉన్నారని ఊరుకోవద్దు. గొంతు తరువాత వాచి ఊపిరి ఆడకపోవచ్చు. సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. కంట్లో పడితే కనీసం పావుగంట ధారగా నీళ్లతో కడిగి, ఆ తరువాత డాక్టరుకు చూపించండి.

ఈ సాయంత్రమే మీ మందుల పెట్టె ఒకసారి తెరిచి, ఆ సీసా ఎక్కడ ఉన్నదో, దాని పక్కన ఏమున్నదో చూడవలసిందిగా కోరుతున్నాము. వచ్చే నెల బ్లీచింగ్ పౌడరు కొనడం, నిలవ చేయడం గురించి చెప్పుకుందాం.