సాగరగర్భపు మట్టి సాక్ష్యం
సముద్రగర్భాన్ని తవ్వి మట్టి నమూనాలు తెచ్చే ‘జోయిడెస్ రిజల్యూషన్’ నౌక సేవలు 2024లో ముగియడం మనకూ నష్టమే. 2006లో కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల కోసం తవ్వింది ఆ నౌకే. అలా తీసిన మట్టిని చెంచాడు తీసుకుని 63 మైక్రాన్ల జల్లెడలో కడిగితే ఇసుక పైన నిలుస్తుంది, ఒండ్రు, బంకమన్ను కిందికి దిగిపోతాయి. ఈ పాళ్లు పొరపొరకూ మారే తీరులో నదుల ఉద్ధృతి, సముద్రమట్టపు హెచ్చుతగ్గుల ఆనవాళ్లు వేల ఏళ్లుగా నిలిచి ఉన్నాయి. ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోతున్న, ఉప్పాడ తీరం కోతకు గురవుతున్న ఈ కాలంలో ఆ లెక్కలు తీరవాసుల భద్రతకు సంబంధించినవి. లేజర్ యంత్రం చూపే బంకమన్ను పాలు, పిపెట్ పద్ధతి చూపే పాలు ఒకటి కావు. కాబట్టి కొలతలను, కొలిచిన విధానంతో సహా విశ్వవిద్యాలయాలకు అందుబాటులో ఉంచాలి. ఉన్న నమూనాలను శీతల గిడ్డంగుల్లో భద్రపరచాలి. సొంత తవ్వక నౌకపై కేంద్రం ఇక జాప్యం చేయరాదు.