ఛాయాచిత్రములలో పొరలు: కల్పనయా, కపటమా?

గత సంవత్సరము ఈ సంచికకొఱకు పదియవ తరగతివారి సామూహిక ఛాయాచిత్రము సిద్ధమగుచుండగా నొక చిక్కు వచ్చినది. చిత్రము తీసిన దినమున నొక విద్యార్థి బడికి రాలేదు. తండ్రి జబ్బుపడి యుండుటచే నతడు పొలముపనికి పోవలసివచ్చెను. తోడివారు ఊరకుండలేదు. వేఱొకనాడు తీసిన యతని బొమ్మను కంప్యూటరులో కత్తిరించి, ఫోటోషాపు సహాయమున, నిలుచున్నవారి వరుసలో కుడికొనను చేర్చిరి. ప్రక్కన నొక నీడను గూడ కల్పించిరి. పని ముగించి మాకు చూపినప్పుడు వారి ముఖములయందలి సంతోషమును మేమింకను మఱువలేదు.

అయినను చూచినంతనే యేదియో లోపమున్నదని మాకు తోచెను. తక్కినవారి నీడలు ఎడమకు పడియుండగా నితని నీడ కుడికి పడియుండెను. అదియు నేలపై వాలక, గోడకంటించిన కాగితపు బొమ్మ నీడవలె దేహము వెంబడినే నిలిచియుండెను. అంతట ఉపాధ్యాయుల గదిలో రెండభిప్రాయములు పుట్టెను. ఇది యబద్ధము, తీసివేయవలెనని కొందఱనిరి. పిల్లవాడు మన తరగతివాడే కదా, అబద్ధమేమున్నదని మఱికొందఱనిరి. ఈ విషయమునుగూర్చి మా యభిప్రాయము నిచ్చట మనవిచేయుచున్నాము.

మొదట పొర యననేమో తెలిసికొందము. అద్దపు పలకలను ఒకదానిపై నొకటి పేర్చి, ఒక్కొక్కదానిపై నొక్కొక్క బొమ్మను వ్రాసి, పైనుండి చూచినచో నన్నియు కలిసి యొకే చిత్రముగ కనబడును. కంప్యూటరులోని పొరలును అట్టివే. 1990వ సంవత్సరమున ఫోటోషాపు మొదట వెలువడినప్పుడు ఈ సౌకర్యము లేదు. 1994లో వచ్చిన 3.0లో పొరలు చేరినవి. 1998లో వచ్చిన 5.0లో లేయర్ ఎఫెక్టులు చేరినవి. నీడనిచ్చు డ్రాప్ షాడో, అంచు చుట్టును వెలుగునిచ్చు ఔటర్ గ్లో, అక్షరములను ఉబ్బెత్తుగ చూపు బెవెల్ అండ్ ఎంబాస్ మొదలగునవి యీ జాతిలోనివి.

వీని ముఖ్యగుణ మొకటి కలదు. ఇవి పొరలోని అసలు బొమ్మను చెఱుపవు. దానికి తోడుగ నుండి, బొమ్మ మాఱినచో తామును మాఱును. ప్రక్కనున్న కన్నుగుర్తును నొక్కినచో నీడ మాయమై బొమ్మ యెప్పటివలె నుండును. వెలలేక దొరకు గింప్ అను సాధనమునందును, 2025 మార్చిలో వెలువడిన 3.0 మొదలుకొని, ఇట్లు చెఱుపని ఫిల్టరులను పొరకు తగిలించి, తరువాత దిద్దుకొను వీలు కలిగినది. తప్పుచేసినను దిద్దుకొనుటకు త్రోవ యుండుటకంటె విద్యార్థికి మేలైన దేమున్నది?

మన పిల్లల పొరపాటును కూడ పరిశీలింతము. డ్రాప్ షాడోకు నేల యెక్కడనున్నదో, సూర్యుడెక్కడనున్నాడో తెలియదు. వెలుగు ఏ కోణమునుండి వచ్చుచున్నదో మనమే చెప్పవలెను. గ్లోబల్ లైట్ అను గుర్తు పెట్టినచో దానికి లోబడిన యెఫెక్టులన్నింటికి నొకే కోణముండును. కాని యా కోణమును చిత్రములోని యెండను చూచి నిర్ణయించుట మన పని. మఱియు డ్రాప్ షాడో, బొమ్మ యంచులనే యనుసరించి, అది వెనుకటి తలముకంటె కొంచెము పైకి లేచియున్నట్లు చూపును. శీర్షికల యక్షరములకది చాలును. నేలపై నిలిచిన మనుష్యునికి చాలదు. అట్టియెడల నీడను వేఱు పొరగ విడదీసి, పాదములయొద్ద మొదలగునట్లు నేలపైకి వంచి పఱవవలెను. ఆ పొరను మల్టిప్లై పద్ధతిలో నుంచినచో నీడపడిన చోట నేల నల్లబడునేకాని, ఇసుకయు గడ్డియు మాసిపోవు. ఇంత చేయవలెనన్న ముందుగ నిజమైన నీడను శ్రద్ధతో చూడవలసియుండును. ఈ చూచుటయే మా దృష్టిలో గొప్ప చదువు.

ఇక అసలు ప్రశ్న. పెక్కు చిత్రములను కలిపి యొకటి చేయుట క్రొత్త పాపము కాదు. 1857లో ఆస్కార్ రేలాండర్ సుమారు 30 నెగెటివులను కలిపి యొక పెద్ద చిత్రమును చేసెను. మఱుసటి యేడు హెన్రీ పీచ్ రాబిన్సన్ 5 నెగెటివులతో, మరణశయ్యపైనున్న యొక బాలికను చూపు చిత్రమును కూర్చెను. ఇవి కళాఖండములుగ ప్రదర్శింపబడినవి. కాని 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రమునకు ఇమిడించుటకై గీజా పిరమిడ్లను కంప్యూటరుతో దగ్గఱకు జరిపినప్పుడు గొప్ప విమర్శ కలిగెను. ఉన్నది ఉన్నట్లు చూపునని పాఠకుడు నమ్మిన పుటలో, అతనికి చెప్పకయే మార్పు జరుగుటయే యందులకు కారణము. కావున దోషము పొరలలో లేదు. చూచువానికి తెలియకుండ దాచుటలో నున్నది.

అట్లయిన బొమ్మక్రింద నొక వాక్యము వ్రాసినచో సరిపోవునని మేము చెప్పితిమి. అందులకు నొక యాక్షేపణ వచ్చెను. ఆ వాక్యము పిల్లవానిని నలుగురిలో చిన్నబుచ్చునేమో యని. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. అందుచే నతనినే పిలిచి యడిగితిమి. "వ్రాయించండి మాస్టారూ! ఆ రోజు నేను చేలో ఉన్నానని ఊరందఱికీ తెలుసు కదా" యని యతడు తలవంపక చెప్పెను. పిల్లలు నీడను సరిదిద్దిరి. కుడికొననున్న విద్యార్థి బొమ్మ వేఱొకనాడు తీసి చేర్పబడినదని క్రింద అచ్చొత్తించితిమి. అతని తల్లి యా పుటను పటము కట్టించుకొన్నదని తరువాత వింటిమి.

నేడు చేతిలోని ఫోనే యొక్క నొక్కుతో మనుష్యులను చేర్చుచున్నది, తొలగించుచున్నది. తలిదండ్రులు పిల్లల చేతినుండి దానిని లాగుకొనుటకంటె, ఏది చేర్చితివి, ఏల చేర్చితివి యని యడుగుట మేలు. విద్యార్థులకు మా హితవు మూడు మాటలు. అసలు చిత్రమును అడుగుపొరలో చెఱుపక యుంచుడు. జెపెగ్‌గ మార్చినచో పొరలన్నియు నొకటిగ నతుకుకొనిపోవును గాన, పొరలతోడి ప్రతిని వేఱుగ దాచుడు. చేసిన మార్పును బొమ్మక్రింద చెప్పుడు. చెప్పుటకు సిగ్గుపడునట్టి మార్పు తోచినచో, దానిని చేయకుండుటయే మంచిదని మా మనవి.