జూలై 4వ తేదీని మన సంఘము లెట్లు జరుపుకొనవలెను?

మేము చదువుకొన్న మిషను బడిలో ప్రతిదినము ప్రార్థన ముగిసిన పిదప ఉపాధ్యాయులవారు నల్లబల్లపై ఆనాటి తేదీని, దానిక్రింద చరిత్రలో ఆ దినమున జరిగిన ఒక సంగతిని వ్రాయుచుండెడివారు. జూలై 4వ తేదీ వచ్చినప్పుడెల్ల, 1776వ సంవత్సరమున ఆ దినమున అమెరికావారు స్వాతంత్ర్య ప్రకటనము గావించిరని వ్రాసెడివారు. మేమును దానిని శ్రద్ధగా వల్లించితిమి. అదే జూలై 4న, 1946లో, మన జనగామ తాలూకాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండ్లకు నేలకొరిగెనని మాత్రము ఆ బల్లపై ఎన్నడును చూచి యెరుగము. వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు పనిలో ఊరూర తిరుగునప్పుడు ఒక వృద్ధ రైతు చెప్పగా మొదటిసారి వింటిమి. సముద్రముల కావలి సంగతి తెలిసి, ప్రక్క గ్రామపు సంగతి తెలియకపోయెనే యని ఆనాడు సిగ్గుపడితిమి.

ఒకే తేదీన అనేక ఘటనలు జరుగుట వింతగా తోచును గాని, ఆలోచింపగా అందు వింత యేమియు లేదు. సంవత్సరమునకు మూడువందల అరువదియైదు దినములే గదా; చరిత్రలోని సంగతు లన్నియు వానిలోనే ఇమడవలెను. అంతియే కాదు. కొమరయ్య మరణించిననాడు నిజాం రాజ్యపు దఫ్తరములలో నడచుచుండినది 1355 ఫసలీ సంవత్సరము. మన పల్లెలలో తిథిని, కార్తెను చెప్పుకొనుచుండిరి. ఆరుద్ర కార్తె ముగిసి పునర్వసు ప్రవేశించు దినములవి. కావున ఆ తేదీలో మహిమ యేదో యున్నదని మేము చెప్పబోవుట లేదు. మఱచిపోకుండుటకు కొంగున వేసికొన్న ముడివంటిది తేదీ. ఆ ముడి విప్పి చూచినప్పుడు దేనికొఱకు వేసికొంటిమో జ్ఞప్తికి రావలెను. అదియే దాని ప్రయోజనము.

జూలై 4 అను ముడిలో మన రైతులకు సంబంధించిన సంగతులు కొన్ని యున్నవి. వానిని క్రమముగా విన్నవించెదము.

మొదటిది కడవెండి సంగతి. విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి యధికారమున నున్న గ్రామములలో వెట్టిచాకిరి, అక్రమ వసూళ్లు, బేదఖళ్లు సాగుచుండెను. చిన్న రైతు గాదెలోని గింజలను లెవీ క్రింద కొలిపించుచు, పెద్దల ధాన్యము జోలికి పోకుండుట ఆ దినములలో సామాన్యమైపోయెను. ఆంధ్ర మహాసభ గ్రామసంఘము పక్షమున జనులు ఊరేగింపుగా పోవుచుండగా దేశముఖు మనుష్యులు కాల్పులు జరిపిరి. ముందు నిలిచిన కొమరయ్య మరణించెను. ఆయన అన్న మల్లయ్య గాయపడెను. కొమరయ్య కురుమ కులమున బుట్టిన సామాన్య గృహస్థు. ఆయన మరణముతో అణగవలసిన అలజడి అణగక తెలంగాణమంతటను వ్యాపించి 1951 వఱకు సాగెను. మన పొరుగున పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను ఆ దేశముఖు పరము గాకుండ నిలుపుకొన్నదియు ఈ కాలపు సంగతియే.

రెండవది అల్లూరి సీతారామరాజు జననము. ఆయన 1897వ సంవత్సరము జూలై 4న జన్మించెను. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము మన్యపు గిరిజనుల పోడు వ్యవసాయమునకు అడ్డుపడెను. ఘాటు రోడ్ల పనిలో వారిచేత చాకిరి చేయించుకొని కూలి సరిగా ఇయ్యకుండిరి. ఈ రెండు బాధలనుండియే 1922లో మన్యపు తిరుగుబాటు పుట్టెను. ఆ యేడు ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడి జరిగెను. 1924 మే 7న రాజును పట్టుకొని కాల్చి చంపిరి. మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో పోడు సాగుచేయు మన సోదరులకు ఈ కథ దూరపుది కాదు. వారి హక్కును గుర్తించు అటవీ హక్కుల చట్టము 2006లో గాని రాలేదు. చట్టము వచ్చినను, పట్టా చేతికి రానివా రింకను ఉన్నారు.

మూడవది పింగళి వెంకయ్య మరణము. 1921లో బెజవాడలో గాంధీ మహాత్మునికి జెండా నమూనా సమర్పించినవాడని ఆయనను లోకమెరుగును. ఆయనకు పత్తి వెంకయ్య యను పేరుకూడ నుండెనని మాత్రము మన రైతులలో కొందఱికే తెలియును. మునగాల పరగణాలో నివసించుచు, కంబోడియా ప్రత్తిని గూర్చి ఆయన చేసిన కృషిని బట్టి ఆ పేరు వచ్చెను. ఆ మునగాల నేడు మన తెలంగాణములో సూర్యాపేట జిల్లాలోనిదే. అట్టివాడు అంత్యదినములలో పేదరికమునకు లోనై 1963 జూలై 4న మరణించెను. జెండాకు వందనము చేసినవారు దానిని రూపొందించిన మనుష్యుని మఱచిరి.

ఇక మా బడి బల్లపైని అమెరికా సంగతి. తమ ప్రతినిధులు లేని సభ తమపై పన్నులు వేయరాదని వారు పోరాడిరి. స్వాతంత్ర్యమునకు అనుకూలముగా ఓట్లు పడినది జూలై 2న. ప్రకటన పత్రము ఆమోదింపబడినది 4న. మనుష్యులందఱును సమానులని ఆ పత్రమును రచించిన జెఫర్సను పొలములలో వందలకొలది బానిసలు పని చేయుచుండిరి. ఆ దేశమున బానిసత్వము రద్దగుటకు 1865 వఱకు పట్టెను. అనగా ఎనుబదితొమ్మిది సంవత్సరములు! మాట పుట్టిన దినము వేరు, అది పొలములో పనిచేయువానికి చేరిన దినము వేరు.

మన యెడలను ఇట్లే జరిగినది. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసెను. 1949లో జాగీరులు రద్దయ్యెను. 1950లో కౌలుదారీ చట్టము వచ్చి రక్షిత కౌలుదారునికి హక్కు నిచ్చెను. కాగితముమీద ఇవి యన్నియు గొప్ప విజయములే. కాని హక్కు చట్టములో నుండుట యొకటి, పుస్తకములో మన పేరున ఎక్కుట యింకొకటి. తండ్రి మరణించి పది యేండ్లయినను విరాసతు చేయించుకొనని సభ్యులు మనలో లేరా? దున్నునది ఒక సర్వే నంబరు, పాసుపుస్తకములో నున్నది ఇంకొకటి యైనవారు లేరా? ధరణి పోయి 2025లో భూభారతి వచ్చినది. ఏ పద్ధతి వచ్చినను, తన పేరును తాను చూచుకొనని రైతుకు అది యేమి మేలు చేయగలదు?

విత్తనముల విషయమును అంతియే. ఒక యేడు మా పరిశీలనకు వచ్చిన సంగతి చెప్పెదము. ఒక సభ్యుడు మూడెకరములలో ప్రత్తి విత్తెను. చాలినంత వర్షము కురిసినను గింజ మొలవలేదు. ఫిర్యాదు వ్రాయుదమని బిల్లు అడిగితిమి, తీసికొనలేదనెను. సంచులేవి యంటిమి, పొలముగట్టుననే పారవేసితి ననెను. లాటు నంబరు లేదు, ముద్ర లేదు, సాక్ష్యము లేదు. తప్పు ఎవరిదో తేల్చుటకు మార్గమే లేకపోయెను. నష్టము మాత్రము ఆయనదే యయ్యెను. విత్తొకటి పెట్టిన చెట్టొకటి మొలచునా యందుము; ఏ విత్తు పెట్టితిమో ఋజువు చేయలేని రైతు ఎవరిని నిలదీయగలడు?

కావున మా యభిప్రాయ మిది. ప్రతి సహకార సంఘమును జూలై 4వ తేదీని జరుపుకొనవలెను. కాని దండలతోను ఉపన్యాసములతోను సరిపుచ్చరాదు. కొమరయ్య పేరు చెప్పి సభ్యులందఱు పట్టాదారు పాసుపుస్తకములు తెచ్చి, చదువు వచ్చినవారిచేత పేరును, సర్వే నంబరును, విస్తీర్ణమును చదివించుకొనవలెను. తప్పున్నచో ఆనాడే అర్జీ వ్రాయవలెను. రాజు పేరు చెప్పి పోడు రైతుల, కౌలుదార్ల జాబితా తయారుచేసి, సంఘములో చేరనివారిని చేర్చుకొనవలెను. వెంకయ్య పేరు చెప్పి విత్తన బిల్లులు, ఖాళీ సంచులు, వాని చీటీలు ఒకచోట భద్రపఱచవలెను. పిమ్మట, ప్రతినిధి లేని పన్ను కూడదన్న మాటను తలచుకొని, సంఘపు జమాఖర్చులను అందఱికిని వినబడునట్లు చదువవలెను. లెక్క అడుగని సభ్యుడు తన హక్కును తానే వదలుకొన్నవాడగును.

అంతర్జాతీయ సహకార దినమును జూలై మొదటి శనివారమున జరుపు ఆచారము 1923లో ప్రారంభమైనది. 1995 నుండి ఐక్యరాజ్య సమితియు దానిని జరుపుచున్నది. 2020, 2026 సంవత్సరములలో ఆ శనివారము సరిగా 4వ తేదీననే పడినది. తక్కిన సంవత్సరములలోను మూడు దినములకు మించని తేడాతో రెండింటిని కలిపి జరుపుకొనవచ్చును.

విత్తనముల అదనులో సభలేమిటని కొందఱు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. పదునున్న పొలమును విడిచి సభకు రమ్మని మేమెన్నడును చెప్పము. ఎడ్లను కట్టివేసి, ట్రాక్టరు నిలిపి, భోజనము చేసిన పిదప సంఘపు అరుగుమీద ఒక గంట కూర్చుండిన చాలును. వర్షము కురిసి పని తొందరగా నున్నచో మఱునాటికి వాయిదా వేసికొనవచ్చును. ఆనాటి చిన్న రైతులు గింజలను గూర్చి అడుగుటకే వీథిలోనికి వచ్చిరి. పొలము పని మాని ఉత్సవము చేయుమని వారు కోరి యుండరు.

ఇప్పటి పిల్లలు బడిలో జూలై 4ను గూర్చి అమెరికా సంగతి తప్పక చదువుకొందురు, చదువుకొననిండు. ఆ సాయంకాలము సంఘపు అరుగుమీద తండ్రి ప్రక్కన కూర్చుండి, ఇంటి సర్వే నంబరును పైకి చదువుచు, కడవెండి పేరును కూడ విననిండు. స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతపు సంఘములు ముందుగా దీనిని ప్రారంభించునని ఆశించుచున్నాము.