కుక్కకు పిడుదుల కాలర్ పడటం లేదా? అనుమానం వస్తే ఏం చేయాలి

వానలు మొదలైతే కొండగట్టు చుట్టుపక్కల ఊళ్లలో పశువులతో పాటు కుక్కలకూ పిడుదులు (గోమార్లు) పెరుగుతాయి. కోతుల నుంచి, అడవి పందుల నుంచి మక్క చేనును కాపాడేది ఆ కుక్కే. అందుకే చాలామంది రైతులు మందుల షాపులో గానీ ఆన్‌లైన్‌లో గానీ మందు కాలర్ కొని మెడకు కడుతున్నారు. కట్టాక కుక్క వాంతులు చేసుకున్నా, వణికినా కాలర్ వల్లేనా అన్న అనుమానం వస్తుంది. దీనిపై అమెరికాలో పెద్ద వివాదమే నడిచింది. అందులో మనం నేర్చుకోవలసింది ఉంది.

అమెరికాలో ఏం జరిగింది?

సెరెస్టో అనే కాలర్ అక్కడ 2012లో అమ్మకానికి వచ్చింది. దాని మీద 75 వేలకు పైగా ఫిర్యాదులు అందాయనీ, వాటిలో సుమారు 1,700 పెంపుడు జంతువుల మరణాలు ఉన్నాయనీ 2021 మార్చిలో పత్రికలు రాశాయి. 2022లో అక్కడి ప్రతినిధుల సభ ఉపసంఘం ఆ కాలర్‌ను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాలని కోరింది. కెనడా అయితే 2016లోనే దానికి అనుమతి నిరాకరించింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ మాత్రం 2023 జులైలో సమీక్ష ముగించి, మరికొన్ని షరతులు పెట్టి ఐదేళ్ల పాటు అమ్మకానికి ఒప్పుకుంది.

ఇన్ని ఫిర్యాదులున్నా నిషేధం ఎందుకు పడలేదు? చాలా మరణాల్లో కారణం తేల్చడానికి కావలసిన వివరాలే ఫిర్యాదుల్లో లేవు. కుక్క వయసు ఎంత, అంతకు ముందు జబ్బు ఉందా, కాలర్ ఎప్పుడు కట్టారు, తీశాక తగ్గిందా అన్నవి రాసినవాళ్లు తక్కువ. ఫిర్యాదుల సంఖ్య అనుమానాన్ని చూపిస్తుంది కానీ కారణాన్ని రుజువు చేయదు. అలాగని కాలర్ పూర్తిగా నిర్దోషి అని కూడా ఆ సమీక్ష చెప్పలేదు.

కాలర్‌లో ఉన్నది మనకు తెలిసిన మందే

సెరెస్టోలో రెండు మందులుంటాయి. ఒకటి ఇమిడాక్లోప్రిడ్. పత్తిలో పచ్చదోమకు, తామర పురుగులకు మనం కొట్టేది ఇదే. రెండోది ఫ్లుమెత్రిన్. ఇది పశువుల పిడుదులకు వాడే డెల్టామెత్రిన్ వర్గానికి చెందింది. కొన్ని ఇతర కాలర్లలో అమిట్రాజ్ ఉంటుంది.

మందు ఒకటే కదా అని పత్తి మందును కుక్క ఒంటికి రాయకండి. కాలర్ మందును కొద్దికొద్దిగా నెలల తరబడి వదులుతుంది. పిచికారీ మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది, కుక్క నాకితే కడుపులోకీ పోతుంది. పశువులకు వాడే మందైనా కుక్కకు ఎంత పాళ్లలో వాడాలో డాక్టరే చెప్పాలి.

కాలరా, జబ్బా?

• మెడ చుట్టూ ఎర్రబడటం, వెంట్రుకలు రాలడం, గోక్కోవడం: కాలర్ వల్ల వచ్చే అవకాశం ఎక్కువ.
• కాలర్ కట్టిన తర్వాత గానీ, కొరికి మింగాక గానీ వాంతులు, చొంగ కారడం, వణుకు, తూలడం, ఫిట్స్: ప్రమాద సూచన, ఆలస్యం చేయవద్దు.
• అమిట్రాజ్ ఎక్కువైతే కుక్క మత్తుగా పడి ఉంటుంది, గుండె నెమ్మదిస్తుంది.
• జ్వరం, మేత మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం: ఇవి పిడుదుల ద్వారా వచ్చే ఎర్లీకియా, బబేసియా జబ్బుల్లోనూ కనిపిస్తాయి. కాలర్ తీసేసి ఊరుకుంటే కుక్క దక్కదు. రక్త పరీక్ష చేయించాలి.

అనుమానం వచ్చిన వెంటనే

1. కాలర్ తీసేయండి. మెడను సబ్బు నీళ్లతో కడిగి, మంచి నీళ్లతో శుభ్రం చేసి తుడవండి. మీ చేతులూ కడుక్కోండి.
2. నూనె, ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. ఫిట్స్ వస్తుంటే నోట్లో ఏమీ పెట్టవద్దు.
3. పశువైద్యశాలకు తీసుకెళ్లండి. 1962 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగండి. కేసు ముదిరితే డాక్టర్ సూచన మేరకు కోరుట్ల పశువైద్య కళాశాలను సంప్రదించవచ్చు.
4. కాలర్, డబ్బా, బిల్లు పారేయకండి. మందు పేరు, బ్యాచ్ నంబరు, కట్టిన తేదీ, లక్షణం మొదలైన తేదీ, కుక్క వయసు, వాడిన ఇతర మందులు ఒక కాగితం మీద రాసి డాక్టర్‌కు ఇవ్వండి. డబ్బా మీదున్న కంపెనీ నంబరుకూ తెలపండి. అమెరికాలో లోపించింది ఈ కాగితమే.

కట్టే ముందు

కుక్క వయసుకు, బరువుకు సరిపోయేదే కొనండి. ఏడు వారాల లోపు పిల్లలకు సెరెస్టో కట్టకూడదు. మిగతా కాలర్లకు డబ్బా మీద రాసిన వయసు చూడండి. మందు పేరు, బ్యాచ్ నంబరు లేని చవక కాలర్ వద్దు. మెడకు, కాలర్‌కు మధ్య రెండు వేళ్లు దూరాలి, మిగిలిన కొసను కత్తిరించాలి. కంపకు చిక్కుకుంటే ఊడేలా ఉందో లేదో చూడండి. అమెరికాలో కాలర్ ఊడక మెడ బిగుసుకుని చనిపోయిన జంతువులూ ఉన్నాయి. కుక్కల కాలర్ పిల్లికి కట్టవద్దు. చిన్న పిల్లలను కాలర్‌తో ఆడనివ్వవద్దు. వాడేసిన కాలర్‌ను చెరువులో, వాగులో పడేయకండి, ఈ మందులు చేపలకు, జలచరాలకు విషం.

కాలర్‌కు భయపడి పిడుదులను వదిలేయవద్దు. వాటి వల్ల వచ్చే జబ్బు కూడా ప్రాణం తీస్తుంది. మీ కుక్కకు కాలర్ పడకపోతే వేరే మందు ఏది వాడాలో డాక్టర్‌ను అడిగి మార్చుకోండి. కుక్క పడుకునే చోటు, పశువుల కొట్టం గోడల పగుళ్లు శుభ్రంగా ఉంచితే ఏ మందైనా తక్కువతో సరిపోతుంది.