కడప ఎండల్లో హీటరెందుకు?

కడప జిల్లాలో వ్యానుకి హీటరెందుకు అంటే ఎవరైనా నవ్వుతారు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊళ్ళు మావి. అద్దం దించితే చాలు, హీటరు బయటే ఉంటుంది :) పోయిన అక్టోబరు దాకా నేనూ అలాగే నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వట్లేదు. ఎందుకో చెప్తాను.

మా నాయనది బట్టల వ్యాపారం. ప్రొద్దుటూరులో సరుకు వేసుకుని జమ్మలమడుగు, పులివెందుల అంగళ్ళకి తిరుగుతుంటాడు. వ్యానుకి 16 ఏళ్ళు. పోయిన ఎండాకాలం దాని హీటరు ఫ్యాను మోత మొదలుపెట్టింది. మొదట టకటక, తర్వాత కీచుమంటూ, చివరికి పక్కనున్న మనిషి మాట కూడా వినపడనంత. పులివెందులలో ఒక మెకానిక్కు రెండు నిమిషాల్లో బాగుచేసేశాడు. ఎలాగంటారా? డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి ఫ్యాను వైరు పీకేశాడు. "మన ఎండలకి హీటరుతో ఏం పనుంది పెద్దాయనా, మోత పోయింది గదా" అన్నాడట. డబ్బులు కూడా తీసుకోలేదు. నాయన ఫోన్లో చెప్తే నేను కూడా "మంచి పని చేశాడు" అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అక్టోబరులో సెలవుకెళ్ళాను. పులివెందులలో చుట్టాల పెళ్ళి చూసుకుని రాత్రిపూట ఏడుగురం జమ్మలమడుగుకి తిరిగొస్తున్నాం. ముద్దనూరు దాటాక వాన అందుకుంది. అద్దాలన్నీ ఎత్తేశాం. కాసేపటికి ముందద్దం లోపలివైపు తెల్లగా ఆవిరి పట్టేసింది. అమ్మ కొంగుతో తుడుస్తోంది, మళ్ళీ పడుతోంది. నాయన అలవాటు కొద్దీ ఫ్యాను మీట తిప్పాడు. గాలి ఏదీ? తుడిచిన ఆ జానెడు సందులోంచి, వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ కనపడింది. బ్రేకు తొక్కితే బారెడు దూరంలో ఆగాం. వెనక అవ్వ ఒళ్ళో మా అక్క కూతురు నిద్రపోతోంది. ఇంటికొచ్చే దాకా ఎవరూ మాట్లాడలేదు.

ఇందులో మాయేం లేదు. ఏడుగురి ఊపిరిలో ఉండే తేమ, వానకి చల్లబడ్డ అద్దానికి తగిలి నీరవుతుంది. దాన్ని పోగొట్టాలంటే బయటి గాలి వెచ్చబడి అద్దానికి తగలాలి. ఇంజను వేడినీళ్ళు హీటరులోని చిన్న రేడియేటరు గుండా తిరుగుతుంటే, ఫ్యాను దాని మీదుగా గాలి ఊదుతుంది. అంటే మనం హీటరు ఫ్యాను అని తీసిపారేసేది నిజానికి అద్దం తుడిచే ఫ్యాను కూడా. ఎండాకాలంలో ఎక్కుడు రోడ్డు మీద ఇంజను వేడెక్కిపోతుంటే హీటరు పూర్తిగా తిప్పి కొంత వేడి దించొచ్చు (లోపలున్నవాళ్ళు తిట్టుకుంటారు, అది వేరే సంగతి).

మర్నాడే ప్రొద్దుటూరు తీసుకెళ్ళాను. ఒక షోరూంలో అయితే విప్పి చూడకుండానే సెట్టు మొత్తం మార్చాలన్నారు. బయట ఒక ముసలి మెకానిక్కు బ్యాటరీ వైరు తీసి, ఫ్యాను విప్పి నా చేతిలో పెట్టాడు. గుండ్రటి డబ్బాలాంటి ఫ్యాను, దాని సన్నరెక్కల మధ్య గుప్పెడు ఎండు వేపాకు! మా వ్యాను ఎప్పుడూ వేపచెట్టు కిందే ఉంటుంది. టకటక అంటే అదన్నమాట. ఆకు బరువుకి ఫ్యాను ఒక పక్కకి ఒరిగి తిరిగింది. ఆ అదురుకి, ఎర్రగుంట్ల వైపు రోడ్ల దుమ్ముకి లోపలి బుష్షులు అరిగిపోయాయి. కీచు అదే. "ఆకు రాలినప్పుడే తెచ్చింటే ఊడ్చి ఇచ్చేవాణ్ణి, ఇప్పుడు మోటారు మార్చాల్సిందే నాయనా" అన్నాడు. నూనె చుక్క వేసినా అరిగిన బుష్షు మళ్ళీ అరుస్తుందట. మోటారొక్కటే మార్చాడు. వైర్లు తిరగేసి కలిపితే ఫ్యాను ఉల్టా తిరిగి గాలి సరిగ్గా రాదని, బిగించే ముందు తిప్పి చూపించాడు కూడా.

నా గొడవ ఏంటంటే, మన దగ్గర ఏది చెడినా రెండే దార్లు. పీకెయ్యి, లేదా మొత్తం మార్చెయ్యి. విప్పి చూడటం అనే మూడో దారి మాయమైపోతోంది. అలాగని తప్పంతా మెకానిక్కులదే అనను. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకి కలిపి సుమారు 2,545 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకి అందనివ్వట్లేదని. అది అప్పీళ్ళ దాకా వెళ్ళింది. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా పెట్టింది. ఓమ్ని, సుమో రెండిటి తయారీ 2019లోనే ఆగిపోయింది. అయినా మా వైపు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఇలాంటి బండ్లకి చిన్న మోటారు విడిగా దొరక్కపోతే, ఆ ముసలాయన పనితనం ఎందుకు పనికొస్తుంది?

కానీ మన వంతు కూడా ఉంది. మనకి కావాల్సింది రోగం తగ్గడం కాదు, మోత తగ్గడం. నేను ఆఫీసులో ఎన్నిసార్లు చూశానో. ఎర్రర్ మెసేజ్ విసిగిస్తోందని ఆ లైను కామెంట్ చేసి "ఫిక్స్‌డ్" అని రాసేస్తారు. నేనూ రాశాను, అబద్ధమెందుకు. అక్కడైతే మహా అయితే ఒక రాత్రి నిద్ర పోతుంది. ముద్దనూరు రోడ్డు మీద అయితే ఏం పోయేదో ఆలోచించడం కూడా నాకిష్టం లేదు.

అందుకని, మీ బండి ఏదైనా కొత్త మోత చేస్తుంటే కాసేపు వినండి. ఎప్పుడు మొదలైంది, స్పీడు పెంచితే పెరుగుతోందా అన్నది మెకానిక్కుకి చెప్పండి. "ఎందుకు మోగుతోంది" అని అడగండి. జవాబు చెప్పకుండా వైరు మీద చెయ్యి వేస్తే మాత్రం, ఇంకో మెకానిక్కుని చూసుకోండి.

వ్యాను ఇప్పుడు వేపచెట్టు కింద పెట్టట్లేదు. పెట్టినా, పొద్దున్నే ఆకు ఊడ్చే డ్యూటీ నాయన తనే తీసుకున్నాడు.