గెలిపించిన నిగ్రహం

పందెమంటే వేగమే సర్వస్వమని చాలామంది తలంపు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో, హుస్సేన్ సాగర్ తీరాన జరిగిన ఫార్ములా-ఈ విద్యుత్ కార్ల పందెం ఆ తలంపును సరిదిద్దింది. మన దేశంలో అదే తొలి ఫార్ములా-ఈ పందెం. రాజమహేంద్రవరం నుండి వెళ్ళి దానిని కళ్ళారా చూశాము.

రెండు దృశ్యాలు మా మనసులో నిలిచిపోయాయి. అందరికంటే ముందు స్థానం నుండి బయలుదేరిన జాగ్వార్ జట్టు చోదకుడు మిచ్ ఎవాన్స్‌ను ఇరుకు మలుపులో ఢీకొన్నది ప్రత్యర్థి కాదు, సొంత జట్టు సహచరుడు సామ్ బర్డ్. ఒక్క క్షణపు తొందరకు జట్టు కార్లు రెండూ పందెం నుండి తప్పుకున్నాయి.

రెండవది చివరి చుట్ల దృశ్యం. ముందున్న జాన్ ఎరిక్ వెర్న్ బ్యాటరీలో, వెన్నంటి వస్తున్న నిక్ కాసిడీ కంటే తక్కువ శక్తి మిగిలింది. మధ్యలో ఛార్జింగ్ లేదు. మలుపుకు ముందే వేగం తగ్గిస్తూ, బ్రేకు వేసినప్పుడల్లా కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి చేరుస్తూ, దారి మాత్రం విడువక, సెకను లోపు తేడాతో వెర్న్ గెలిచాడు.

మా డెల్టా కాలువ గట్లపై రాత్రివేళ మోటారు సైకిళ్ళతో పోటీపడే కుర్రవాళ్ళున్నారు. అక్కడ రక్షణ గోడలుండవు, వైద్యులుండరు. ఎదురుగా వచ్చేది పని ముగించుకొని ఇంటికి మళ్ళిన కూలీ సైకిలు. బిడ్డ చేతికి బండి తాళమిచ్చే తల్లిదండ్రులు ఈ మాట కూడా చెప్పి పంపాలి: నీ ప్రాణమే కాదు, ఎదుటివాని ప్రాణమూ నీ చేతిలోని అమానతే.